దొడ్డిలో తొమ్మిది వెదుళ్లు పెరిగిన సంగతి

సూర్యాపేట తాలూకా తహసీల్దారు గారి సముఖమునకు,

చివ్వెంల దగ్గరి మేదరివాడ కాపురస్థుడు ఈదయ్య కుమారుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి మల్సూర్ వ్రాసుకొన్న అర్జీ.

శ్రావణ మాసము, 1949

అయ్యా,

విషయం: మా దొడ్డిలోని వెదురు తనంతట తానే పెరిగినదని ధ్రువీకరించి, మా నాయనను విడిపించుట గురించి.

1. మేము గంపలు, చాటలు అల్లి బతికేవారము. అడవి దూరమైనందున ఐదేండ్ల కింద మా నాయన దొడ్డిలోనే వెదురు పెట్టదలచి, ఏ రకమో ఎంచుమని నన్నడిగినాడు. ముండ్ల వెదురు లావుగా వచ్చును గాని, పొరుగింటి సత్తమ్మ గారి బర్రె నడిచే దారి అదే. అందుచేత ముండ్లు లేనిదానిని ఎంచితిని. మిర్యాలగూడ దిక్కునుండి వేరుతో ఒక్క దుంప తెచ్చి, స్నానాల నీళ్లు పారే చోట నాటినాము. ఇందులో నేరమేదైనా ఉన్నచో అది ఎంచిన నాది, నీళ్లు పోసిన మా నాయనది కాదు.

2. సర్కారుతో కొట్లాడే కమ్యూనిస్టు దళాలకు కర్రలు చేరకుండవలెనని పోలీసు క్యాంపు జమేదారు గారు మా వాడలోని వెదురునంతా లెక్కించినారు. మాది ముప్పది రెండు అని పంచనామా వ్రాసి, మా నాయన వేలిముద్ర తీసుకున్నారు. ఆ లెక్క సరియైనదే. అటుపిమ్మట వాన పడినది. వానకు పంచనామా సంగతి తెలియదు.

3. పదిహేను దినాలకు మరల వచ్చి లెక్కించగా నలుబది ఒకటి తేలినవి. అప్పుడు జమేదారు గారు మా నాయనను చేసిన విచారణను ఉన్నదున్నట్లు మనవి చేయుచున్నాను.

"తొమ్మిది ఎక్కువున్నయ్. ఏడికెల్లి వచ్చినయ్ రా?"

"భూమిలకెల్లి వచ్చినయ్ దొరా."

"మజాక్ జేస్తున్నవా? పదిహేను దినాలల్ల గింత లావైతదా?"

"అది పుట్టుడే గంత లావు పుడ్తది దొరా. పెరిగేది పొడుగే."

"అయితే నీ కొడుకు పుట్టంగనే నీయంత ఉండెనా?"

జవానులందరు నవ్వినారు. మా నాయనకు కూడ నవ్వు వచ్చినది. అది ధిక్కారముగా వ్రాయబడినది.

4. ఆనాటినుండి నాలుగు దినాలుగా ఆయనను క్యాంపు ముందర కూర్చోబెట్టినారు. కొత్త గడ పనికి రావలెనంటే మూడేండ్లు ముదరవలెనని నేను పోయి చెప్పినాను. జమేదారు గారు శ్రద్ధగా విని, "మూడేండ్ల తర్వాత వాడుటకు దాచినవి" అని వ్రాసుకున్నారు.

5. నీళ్లు బాగా తాగినందున మా వెదురు లోపల బోలుగా ఉండును. గంపకు మేలు, లాఠీకి దండుగ. లెక్కకు ముందే జమేదారు గారు మా పొదనుండి కోయించుకున్న కర్ర, మొన్న మా నాయన వీపు మీద రెండవ దెబ్బకే చీలినది. కర్ర క్యాంపులోనే ఉన్నది. తాము తెప్పించుకొని చూడవచ్చును. వీపు కూడ అక్కడే ఉన్నది.

కావున దీనిని దయతో చిత్తగించి, వానకు వెదురు పెరుగునని ఒక్క ముక్క వ్రాసి క్యాంపుకు పంపవలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయుడు,
మల్సూర్

మరొక మనవి: పైదంతా నిన్న వ్రాసినాను. ఈ పొద్దున మా అమ్మ సుక్కమ్మ కొడవలి పట్టుకొని దొడ్డిలోకి పోయినది. "నువ్వు రాసేది ఎప్పుడు చేరాలె, ఆయన ఎప్పుడు సదవాలె? నేను లెక్క సరిజేస్త, మీ నాయిన ఇంటికొస్తడు" అన్నది. తొమ్మిదీ కోసినది. లేత కొసలు కూర వండినది, మిగిలినది నరికి సత్తమ్మ గారి బర్రెకు వేసినది. నేను ఆపలేదు. క్యాంపుకు ఉరికి, లెక్క సరిపోయిందని నేనే చెప్పినాను.

జమేదారు వచ్చి లెక్కపెట్టినాడు. ముప్పది రెండు. "మరి ఆ తొమ్మిది ఏడవోయినయ్? ఎవలకిచ్చినవ్ చెప్పు" అన్నాడు.

"కూరొండుకున్నం దొరా."

"కట్టెలు తిన్నరా మీరు?"

ఇప్పుడు అమ్మ కూడ నాయన పక్కన కూర్చున్నది. ఆయన అడిగింది ఒక్కటే. "మొత్తం కోసినవానే? లేతయి పోతే పొద సస్తదే."

అయ్యా, ఇద్దరినీ పంపండి. ఇంట్లో నేనొక్కడినే ఉన్నాను. మధ్యాహ్నం నుండి ఆగకుండా వాన. దొడ్డి తలుపు తీయాలంటే భయమేస్తున్నది.