ఎనిమిదో నంబరు చెప్పులు

మందమర్రి

మల్లక్క వదినకు మరిది జగదీశ్వర్ నమస్కారాలు.

ఫోన్ చేస్తే నవ్వుతావు. కాగితం మీద నీ నవ్వు వినబడదని ఇది రాసి బస్సు డ్రైవర్ ఎల్లన్న చేత పంపుతున్నాను. ఎనిమిదో నెల గర్భిణి అయిన నా భార్య జమునను కాన్పుకని గోదావరిఖనిలో నీ ఇంట్లో వదిలాను. మీ అక్కాచెల్లెళ్లిద్దరు తప్ప ఆ క్వార్టర్లో ఇంకెవరూ లేరు. మరి గడప ముందు మగవాళ్ల చెప్పులెందుకున్నాయి? ఏడో నంబరుంటాయని, నేను పంపిన సామాను ఇవ్వడానికి మీ ఇంటికొచ్చిన ఎల్లన్న అన్నాడు. లోపలి గదిలోంచి గురక కూడా విన్నాడట. ఇంకోసారి వచ్చినప్పుడు చూస్తే జమున వేలికి నేను పెట్టిన ఉంగరం లేదట. వీడియోలో ముఖం చూపమంటే చూపదు. "పెద్దమనుషులను తోల్కపో బిడ్డా" అంటోంది నన్ను కన్న మా అవ్వ కనకవ్వ.

ఇట్లు,
నిద్రలేని జగదీశ్వర్

తా.క. గురక నీదైతే ముందే చెప్పు. నా మాట వెనక్కి తీసుకుంటాను.

గోదావరిఖని

అనుమానాల మరిదికి వదిన దీవెనలు.

గురక నాది కాదు. పక్కింటి మైమూనా ఆ మోత విని వచ్చి, "లారీ గిట్ల నిలవెట్టిన్రా అక్కా? ఇంజిన్ బంద్ చెయ్యమను" అని పోయింది. ఉంగరం సబ్బు రాసి నేనే లాగాను. చెప్పులు నేనే కొన్నాను. ఎవరికో చెప్పను. నువ్వు ఉడుకుతుంటే నాకు పొద్దు బాగా పోతోంది.

ఇట్లు,
మల్లక్క

తా.క. అవి ఏడో నంబరు కాదు, ఎనిమిదో నంబరు.

మందమర్రి

వదినకు, దండం పెట్టబుద్ధి కావడం లేదు.

ఉంగరం లాగింది నువ్వే, చెప్పులు కొన్నది నువ్వే! మా పెళ్లి కుదిర్చింది కూడా నువ్వే, గుర్తుందా? ఆదివారం పెద్దమనుషులతో వస్తున్నాను. జమున అందరి ముందు ప్రమాణం చేయకపోతే మందమర్రికి తిరిగి రానక్కర్లేదు. ఇక ఫోన్ బంద్.

జగదీశ్వర్

తా.క. ఎనిమిదో నంబరంటే వాడు నాకన్నా పొడుగా? నాది ఏడే.

గోదావరిఖని, దవాఖాన

జగదీశ్వర్, దీవెనలు తర్వాత.

చెప్పులవాడు ఎవడూ లేడు. అవి జమునవే. కడుపుతో ఉంటే ఒంట్లో నీరు చేరుతుంది. వేళ్లు ఉబ్బుతాయి, పాదం వెడల్పవుతుంది, ముక్కు లోపల వాచి గురక వస్తుంది. ఆడవాళ్ల చెప్పులు పట్టక మగవాళ్లవి తెచ్చాను. ముక్కు లావైందని నువ్వు నవ్వుతావేమోనని జమున నీకు ముఖం చూపలేదు. అంతా మామూలే అనుకొని నిన్ను ఆడించాను.

ఈ పొద్దున ఆ చెప్పులూ పట్టలేదు. తెల్లారేసరికి ముఖమంతా ఉబ్బింది. "అక్కా, తలకాయ పలుగుతాంది. కండ్ల ముందట మెరుపులొస్తానయ్" అన్నది. నా నవ్వు ఆగిపోయింది. ఆటోలో తీసుకొచ్చాను. బీపీ బాగా పెరిగిందట. "గిట్ల ఒక్కసారే ఉబ్బి తలనొస్తే తల్లికీ బిడ్డకూ ముప్పే. జల్ది తెచ్చిండ్రు" అన్నది డాక్టరమ్మ. సూదులు వేస్తున్నారు. తగ్గకపోతే ఈ రోజే కాన్పు చేస్తారట.

నువ్వు బొగ్గు గనిలో డ్యూటీలో ఉన్నావు. నా మాట ఎలాగూ నమ్మవు. అందుకే మీ అవ్వకు ఫోన్ చేశాను. మెరుపులనగానే నన్ను తిట్టడం ఆపేసింది. నిన్ను మోసినప్పుడు ఆమెకూ ఇలాగే అయి చావు దాకా పోయొచ్చిందట. దొరికిన బస్సెక్కి వచ్చి, జమున తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఈ ఉత్తరం ఎల్లన్న గని దగ్గరే ఇస్తాడు, షిఫ్టు దిగగానే రా.

ఇట్లు,
నవ్వడం చేతగాని మల్లక్క

తా.క. మీ అవ్వ రాయమంది: "పెద్దమనుషులు వద్దు. పంచాయితీ నేనే పెడత. ముందుగాల వచ్చి దాని కాళ్లు పట్టుమను."