యాదగిరి రివాల్వర్‌కు నా సంతకం

చిక్కడపల్లి, నవంబర్ 1994
మంగళవారం రాత్రి

ఇంటి ఓనరు యాదగిరి రివాల్వర్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాడు. మంచివాడని నేను సంతకం చేయాలట. ఇన్నేళ్లుగా పత్రికల్లో తుపాకులకు వ్యతిరేకంగా రాస్తున్న నన్నే ఎందుకు అడిగినట్టు? నా నోరు మూయించడానికేనని అనుమానం. రివాల్వర్ ఎందుకని అడిగాను.

"అశోక్ నగర్ హాస్టళ్ల పోరగాళ్లు గోడలు దుంకుతున్నరు సార్."

"మీరు చూసిన్రా?"

"చూసేదాక ఆగాల్నా? సంతకం చేయకుంటే పోర్షన్ ఖాళీ చేయున్రి, గంతే."

పరీక్షలకు చదువుకునే పేద పిల్లలను ముందు దొంగలనాలి, తర్వాత కాల్చడానికి అనుమతి అడగాలి. ఇదీ వీళ్ల ఆత్మరక్షణ.

కోపంతో నారాయణగూడ దాకా నడిచి తిరిగి ఇంటికి వచ్చేసరికి కరెంటు పోయింది. కిరాయికున్న మేమంతా చేసేదే నేనూ చేశాను. వీధి తలుపు పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి లోపలి గడియ తీయబోయాను.

చీకట్లోంచి యాదగిరి గొంతు వినిపించింది. "ఎవడ్రా?"

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "నేనే, పై పోర్షన్ మూర్తిని."

పదకొండేళ్లలో ఆ గుమ్మంలో నా పేరు చెప్పుకోవడం ఇదే మొదటిసారి. ఈరోజు ఆయన చేతిలో ఏమీ లేదు కాబట్టి జవాబు దాకా ఆగాడు.

సంతకం చేయను. ఇల్లు వెతుక్కోవాలి. అక్కడి ఓనరు దగ్గర మాత్రం ఏముంటుందో...