అడగ్గానే ఇచ్చిన సగం

మార్కాపురం,
3-2-2025

మోషేకు, రిటైర్డు టీచరు కృష్ణవేణమ్మ రాయునది.

మీరంతా క్షేమమని తలుస్తాను. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట మా అన్న వెంకటేశ్వర్లు వెలిగండ్ల దగ్గరి మూడెకరాలు నీకు అమ్మాడు. అది మా నాయన సంపాదించిన నేల. అందులో కూతురికీ సగం ఉందని మా అల్లుడు రాజేష్ ఈ మధ్యే చెప్పాడు. అన్న పోయాడు, ఆయన్ని అడగలేను. అందుకే నా సగం నాకిమ్మని నీకు లాయరు నోటీసు పంపాను.

ఇట్లు,
కృష్ణవేణమ్మ

తా.క.: నోటీసు చదివితే నాకే ఏమీ అర్థం కాలేదు. అందుకని ఈ ఉత్తరం.

వెలిగండ్ల,
10-2-2025

టీచరమ్మకు మోషే వందనాలు.

నోటీసు అందింది. మా ఇంటిది మగ్దలీనమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మాకు ఈ మూడెకరాలు తప్ప వేరే నేల లేదు. అయినా భాగాలకు మన పక్క పద్ధతి ఒకటుంది గదా. ఒకరు పంచితే రెండోవాళ్ళు ముందు కోరుకోవాల. నేను తాడు పట్టి రెండు భాగాలు చేసినాను. ఏది కావాలో మీరొచ్చి చెప్పండి.

మీ విధేయుడు,
మోషే

తా.క.: బోరు ఎటుంటే అటే కోరుకుంటారని, తాడు సరిగ్గా బోరు మీదుగా పట్టినాను.

మార్కాపురం,
17-2-2025

మోషేకు,

అడగ్గానే సగం ఇచ్చేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు, నా తోడబుట్టినవాడితో సహా. ఇందులో ఏదో మెలిక ఉందంటున్నాడు రాజేష్. నేల మీద బ్యాంకు అప్పుందా? బోరు ఎండిపోయిందా? ఉన్నదున్నట్టు చెప్పు.

అనుమానంతో,
కృష్ణవేణమ్మ

తా.క.: రాజేష్ రహస్యంగా వచ్చి గట్టు మీద నుంచి చూస్తుంటే, మీ ఆవిడ పిలిచి మజ్జిగ ఇచ్చిందట. ఆ మజ్జిగ మీద కూడా అతనికి అనుమానమే. కానీ రెండు గ్లాసులు తాగాడు.

వెలిగండ్ల,
24-2-2025

టీచరమ్మకు వందనాలు.

అప్పు లేదు. రాళ్ళు ఏరడానికే మాకు ఆరేళ్ళు పట్టింది. మూడు బోర్లు వేస్తే దుమ్మే వచ్చింది. నాలుగోదానికి మగ్దలీనమ్మ కమ్మలు అమ్మినాం, నీళ్ళు పడినాయి. మీకు నమ్మకం కుదరాలని ఒక డబ్బాకు ఆ నీళ్ళు పట్టి, మార్కాపురం బస్సులో కండక్టరు బ్రహ్మం చేతికిచ్చి పంపినాను.

ఇట్లు,
మోషే

తా.క.: డబ్బా వెనక్కి పంపండి. అది పాస్టరుగారిది.

మార్కాపురం,
5-3-2025

తమ్ముడు మోషేకు, కృష్ణవేణమ్మ సిగ్గుపడుతూ రాయునది.

డబ్బా పాస్టరుగారిదని తెలిసి, మేం కేసు ఓడిపోవాలని ప్రార్థన చేయించి పంపారంటూ రాజేష్ దాన్ని వాకిట్లోనే ఆపేశాడు. నేనే లోపలికి తెచ్చి పప్పు వండాను. మా నీళ్ళకు పూటంతా ఉడకని కందిపప్పు రెండు పొంగులకే మెత్తబడింది. ఆ రాళ్ళలోంచి ఇలాంటి నీళ్ళు తీశారు మీరిద్దరూ. మా నాయన ఉంటే మిమ్మల్ని చూసి పొంగిపోయేవాడు.

నిన్న లాయరు రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నీ దస్తావేజు నకలు తెప్పించాడు. అందులో మొదటి సాక్షి సంతకం నాది. అన్న పెట్టమన్నచోట పెట్టి మరిచిపోయాను. సాక్షి సంతకం పెట్టి ఇన్నేళ్ళు ఊరుకున్నాక కేసు నిలవదని లాయరు తేల్చేశాడు. నోటీసు వెనక్కి తీసుకున్నాను. అసలు కాగితం నీ పెట్టెలోనే ఉంది కదయ్యా. అది చూపిస్తే పోయేదానికి తాడెందుకు పట్టావు?

నీ అక్క,
కృష్ణవేణమ్మ

తా.క.: చదవకుండా సంతకం పెట్టొద్దని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినదాన్ని. ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనీ.

వెలిగండ్ల,
11-3-2025

అక్కకు మోషే వందనాలు.

ఆ రోజు రిజిస్ట్రారు ఆఫీసులో నేను మీ పక్కనే నిలబడి ఉన్నాను. 'ఇందులో మీ భాగం కూడా పోతాంది, చూసుకోమ్మా' అని నోటిదాకా వచ్చింది. చెబితే నేల దక్కదని మింగినాను. కోర్టుకు పోతే నేల నాదే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ మాట మింగింది నేనే గదా. అందుకే తాడు పట్టినాను.

బోరు పక్కన అరెకరా మీ పేరున రాయిస్తన్నాం. ఆ మాట ముందు అనింది మగ్దలీనమ్మే. గురువారం రిజిస్ట్రారు ఆఫీసుకు రండి.

మీ తమ్ముడు,
మోషే

తా.క.: ఈసారి మొత్తం చదివి సంతకం పెట్టండి. ఎంతసేపైనా ఆగుతా.