మన తోట కాఫీకి పేరు

నాన్నా,

నువ్వు పోయాక ఇది మొదటి కాపు. కొండ మీది మన కాఫీ తోటలో నువ్వు చెప్పినట్టే, బాగా పండిన ఎర్ర పళ్లే ఏరి కోశాం. ఈసారి కూడా కొనేవాళ్లు మన గింజలను ఊరందరి గింజల్లో కలిపేసి అదే తక్కువ ధర కడితే తోట అమ్మేద్దామంది అమ్మ.

మనింట్లో చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే కదా, ధైర్యం చేసి విశాఖలో కాఫీ గింజలు వేయించే ఒకాయనకు కొన్ని పంపాను. ఈరోజు ఆయనే వాటిని వేయించి, పొడి చేసి తీసుకుని చోడవరంలో మనింటికి వచ్చారు. పొడిలో వేడినీళ్లు పోసి, పాలూ పంచదారా లేకుండానే చెంచాతో జుర్రున పీల్చారు.

"ఏటే ఆ సప్పుడు? ఇంత సదువుకున్నోడికి తాగడం రాదేటి?" అని అమ్మ నా చెవిలో గొణిగింది.

"రుచి అలాగే సూస్తారమ్మా, నువ్వూరుకో."

ఆయన ఇంకో చెంచా జుర్రి నవ్వారు. "దీన్ని దేనితోనూ కలపను. మీ తోట కాఫీగానే అమ్ముతాను. పేకెట్టు మీద రైతు పేరు వెయ్యాలి, చెప్పండమ్మా."

అమ్మ ఏనాడూ నీ పేరు పలకలేదు. రేషన్ షాపులో అడిగినా నావైపే చూసేది. ఇవాళా నేనే చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపి, కొంగు సర్దుకుంది.

"రాసుకో బాబూ, అప్పలస్వామి" అంది, వీధిలోకి వినపడేలా.