వెండి పూసలు లేని కేకు

లాలాగూడ, సికింద్రాబాద్,
డిసెంబరు 11

చిరంజీవి వసుధకు, నాయిన దీవించి రాసేది.

ఇక్కడ మేము క్షేమం అని రాయకుండా ఉత్తరం మొదలుపెడితే మా ఊరి బడి పంతులు బెత్తం తీసేవాడు. అందుకని ఆ మాట ముందే రాసేశాను. అందులో ఎంత నిజముందో కింద చదువుకో. ఆ గుట్టల మీద చలి ఎక్కువని విన్నాను. నువ్వూ, నీ హాస్టల్ పిల్లలూ స్వెట్టర్లు వేసుకుంటున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. మూడు ప్రశ్నలు అడిగావు. టీచరమ్మవి కదా, ప్రశ్నపత్రం లేకుండా ఉత్తరం కూడా రాయలేవు. వరసగా జవాబులు రాస్తున్నాను.

మోకాళ్లు ఎలా ఉన్నాయన్నావు. రెండూ ఉన్నాయి. ఒకటి వాన వచ్చే ముందు చెబుతుంది, రెండోది వాన వచ్చి పోయాక చెబుతుంది. పొద్దంతా నిలబడి కేకుల మీద పూలు పూయించేవాడికి ఆ మాత్రం ఉండాల్సిందే.

రెజిమెంటల్ బజార్‌లో మా దుకాణం ఎలా నడుస్తోందన్నావు. మా ఓనరు జకర్యా ఇప్పుడు ఎవరేమడిగినా సరే అంటున్నాడు. ఒకావిడ అత్తగారి కోసం ప్రెషర్ కుక్కర్ కేకు చేయించుకుంది. విజిల్ కూడా పెట్టమంది. మొన్న రఘునాథ్ అని మన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయినాయనకు ఇంట్లోవాళ్లు రైలింజను కేకు చెప్పారు. ఆయనే తీసుకుపోవడానికి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని చుట్టూ తిరిగి చూసి, ఎడమ పక్క ఒక చక్రం తక్కువుందన్నాడు. కోసుకు తినేదే కదా సార్ అన్నాను. "ముప్పై ఏండ్లు గిదే పని చేసిన తమ్మీ. చక్రం లేకుంట ఒక్క బండి సుత బయటికి పంపలే" అన్నాడు. బిస్కెట్టు ఒకటి అతికించి, చాక్లెట్ పూసి పంపాను. గేటు దాటేదాకా దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నాడు.

మూడో ప్రశ్న. నేను పంపిన ఫోటోలో అమ్మ కేకు ముందు కూర్చుని నవ్వుతోంది, కార్తీకమాసంలో ఎవరి పుట్టినరోజని అడిగావు. ఈ ప్రశ్న దగ్గరే రెండు రోజులు పెన్ను మూసి పెట్టాను.

పదేళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాలి. దసరా ముందు లీలాకుమారి అనే ఆమె వచ్చి భర్త పుట్టినరోజుకు కేకు కావాలంది. పేరు రాసుకుంటూ తేదీ అడిగితే, ఏప్రిల్‌లో అంది. నా నోరు నీకు తెలుసు కదా, అంత తొందరేందమ్మా అని నవ్వాను. "ఎండకాలం దాక ఆయన ఉండడు బాబూ" అందామె, మెల్లగా.

ఆ తరువాత అలాంటివాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వస్తూనే ఉన్నారు. జకర్యా, నేను మాట్లాడుకుని వాళ్లకో పద్ధతి పెట్టుకున్నాం. అర కిలో చేస్తాం. మింగుడు పడేటట్టు పాలలో బాగా నానబెడతాం. గొంతుకు అడ్డం పడతాయని పైన వెండి పూసలు, గట్టి చక్కెర పూలు పెట్టం. ఎన్నేళ్లో అంకె వేయం. పేరు ఒక్కటే రాస్తాం. పుట్టినరోజుకు ముందే కోసేది కనుక మాలో మేము దాన్ని ముందు కేకు అంటాం. అది చేసిన రోజల్లా ఇంటికొచ్చి అన్నం దగ్గర మీ అమ్మకు చెప్పేవాణ్ని. తను ముద్ద కంచంలో వదిలేసి, ఇవాళ ఏం పేరు రాసినవని అడిగేది.

ఇప్పుడు అసలు సంగతి. ఫోటోకు ముందు రాసిన ఉత్తరంలో అమ్మకు గ్యాస్ అని రాశాను. గ్యాస్ కాదు బిడ్డా. కడుపులో గడ్డ. కాలేయం దాకా పాకింది. దీపావళి అయినాక డాక్టరు నన్నొక్కణ్నే లోపలికి పిలిచి, ఇక మందులు నొప్పి తగ్గడానికే అన్నాడు. మీ అమ్మ పుట్టింది హోలీ తెల్లారి కదా, హోలీ దాకా అయినా ఉంటదా అని అడిగాను. ఆయన కాగితాలు సర్దుకున్నాడు. బయటికొచ్చి మీ అమ్మకూ గ్యాసే అని చెప్పాను. నీకు రాసింది అప్పుడే.

వారం తిరక్కుండా నాకే బుద్ధి పుట్టింది, తనకొక కేకు చేయాలని. ఎవరో ఆర్డరిచ్చి తీసుకుపోలేదు, పారేయలేక తెచ్చానని చెబుదామనుకున్నాను. పేరు కూడా రాయలేదు, అంత తెలివిగా ఉన్నాను. కార్తీకమని గుడ్డు కలపలేదు. ఇంటికి తెచ్చి ముందర పెట్టాను. మీ అమ్మ సంబరంగానే దగ్గరికి జరిగింది. తరువాత చెంచాతో ఒక మూల నొక్కింది. పాలు ఊరాయి. పైన చూసింది. వెండి పూసలంటే తనకెంత ప్రాణమో నీకు తెలుసు, చిన్నప్పుడు నీ కేకు మీదివి కూడా ఏరుకునేది. ఒక్క పూస లేదు. అప్పుడు తెలిసింది నాకు, నా చేతులు ఏం చేశాయో.

"ఇది ముందు కేకు గదా" అంది.

దుకాణంలో మిగిలిందని మొదలుపెట్టాను.

"నాకు జెప్పకుంట ఎన్ని దినాలు తిరిగినవయ్యా" అంది. కోపంగా అనలేదు. కష్టం పడ్డది నేనే అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. నేను ఏడ్చాను. తను ఏడవలేదు. కొంచెంసేపయ్యాక కొంగు సర్దుకుని, ఫోటో తియ్యి, పిల్లకు పంపు, నవ్వుకుంట కూసుంట అంది. నువ్వు చూసింది ఆ నవ్వు.

అదే రోజు నా చేత మాట తీసుకుంది. నీ పిల్లలు పదో తరగతి రాస్తున్నారు, మార్చిలో పరీక్షలు అయ్యేదాకా వసుధకు చెప్పొద్దని. సరేనన్నాను. ఆదివారం నువ్వు సిగ్నల్ కోసం రోడ్డు దాకా నడిచివచ్చి ఫోన్ చేసినప్పుడు, ఫోన్ తన దగ్గరే పెట్టుకుని మాట్లాడుతుంది, నా నోరు జారుతుందని. మీ బడికి ఫోన్ చేసి చెప్పించవచ్చు. కానీ ఈ మాట పరాయివాళ్ల నోట నువ్వు వినకూడదు.

మరి మాట ఎందుకు తప్పుతున్నానంటావేమో. నిన్న మధ్యాహ్నం జావ తాగించి పక్కన కూర్చున్నాను. పరీక్షలు ఎన్నడయిపోతయని అడిగింది. హోలీ దాటినంక అన్నాను. మీ అమ్మ వేళ్లు మడవడం మొదలుపెట్టింది. పుష్యం అని ఒక వేలు మడిచింది. మాఘం అని ఇంకో వేలు మడిచింది. మూడో వేలి దగ్గర ఆగింది. దాన్ని చాలాసేపు చూసింది. తరువాత ఆ చెయ్యి దుప్పటి కిందికి తీసుకుని, అటు తిరిగి పడుకుంది.

తను రమ్మనలేదు. నేనే రమ్మంటున్నాను. ఈ ఉత్తరం చదివిన రోజే బయలుదేరు.

ఇట్లు,
మాట తప్పిన
మీ నాయిన,
సదాశివ