గట్టు మీది గడ్డిజొన్న

2002 ఆగస్టు, పుంగనూరు

మా ఆవు గౌరి పోయింది. పొద్దున మేతకు తోలితే గట్టు మీద గడ్డిజొన్న పిలకలు మేసింది. వానల్లేక మాడిపోయిన ఆ గడ్డి, మొన్నటి చినుకులకు వేర్ల నుంచి మళ్లీ చిగిర్చింది. చుట్టుపక్కల పచ్చగా ఉన్నది అదొక్కటే. కాసేపటికే గౌరి వణుకుతూ పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేసరికే ప్రాణం లేదు.

ఆయన ఒక పిలక పీకి, ఆకు నడుమ తెల్లటి ఈనె చూపించాడు. "నాము తగిలిందమ్మా. ముదిరి ఎండితే ఇదే మేత. లేత పిలకల్లోనే విషముండాది" అన్నాడు.

మధ్యాహ్నం నుంచి మా ఆయన గట్టు తవ్వుతూనే ఉన్నాడు. "యాల తవ్వుతాండావు? కూడు తిందువు రా" అన్నాను. ఆయన మట్టిలోంచి చెరకులా కణుపులున్న తెల్లటి వేళ్లు తీశాడు.

"సూడు, యాడ తెగితే ఆడ మొలుస్తాది. తవ్వేకొద్దీ ఎక్కువైతాది" అని అక్కడే కూలబడ్డాడు. ఆ మనిషి ఏడవడం నేను ఇంతవరకు చూడలేదు.

గౌరి దూడ పాల కోసం అరుస్తూనే ఉంది. కొన్నాళ్లకు అదీ గడ్డి కొరుకుతుంది. వాన పడాలని మొక్కుకోవాలో, పడకూడదని మొక్కుకోవాలో...