శనాదివారాలు సెలవున్న సముద్రం

శుక్రవారం రాత్రి, కొండాపూర్

నా కంప్యూటర్ మోడల్‌లో చేపలు అంత జోరుగా ఎలా పెరుగుతున్నాయో ఈరోజు తెలిసింది. ఎంత వేటాడితే సముద్రంలో చేపలు తరిగిపోకుండా ఉంటాయో చూడటానికే దాన్ని రాశాను. పడవలు పెంచవచ్చని అది చెబుతుంటే సంబరపడ్డాను కూడా.

పక్క సీటు సుజాత గారిది కాకినాడ తీరం. స్క్రీన్ చూసి నవ్వారు.

"శనాదివారాలు వేట లేదేంటండీ? మా నాన్నగారు తుపానొస్తేనే ఇంట్లో ఉండేవారు!"

"అరె, మన ఆఫీసు క్యాలెండరే గిట్ల ఎక్కించిన!"

ఆ రెండు రోజుల వేటా కలిపి మళ్లీ నడిపితే చేపల సంఖ్య చూపే గీత కిందికి వంగిపోయింది. పడవలు పెంచవచ్చని రాసిన రిపోర్టు పంపకుండా ఆపేశాను. ఇంకా ఏయే ఆఫీసు అలవాట్లు ఆ సముద్రంలో కలిపానో?

రేపు శనివారం, నాకు సెలవు. పడవలు ఈపాటికి బయల్దేరి ఉంటాయి.